14 కథలు, చీటీ డబ్బు, పెద్ద ఆడబిడ్డ

నిజాంపేట నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. వయసు 36. పుట్టిల్లు సూర్యాపేట దగ్గర పల్లె. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో అకౌంట్స్ చూస్తారు. ఆరేళ్లుగా, పిల్లలు పడుకున్నాక ఫోన్‌లోనే టైప్ చేసుకుంటూ 14 కథలు పూర్తి చేశారు. వాటిలో ఐదు వెబ్ పత్రికల్లోనూ, ఆదివారం అనుబంధాల్లోనూ వచ్చాయి. డిసెంబరులో బుక్ ఫెయిర్ నాటికి సంపుటి తేవాలని ఆశ. చీటీ ఎత్తితే వచ్చిన 60,000 రూపాయలు చేతిలో ఉన్నాయి.

ఆవిడకు మూడు దారులు కనిపిస్తున్నాయి. ఒకటి, ప్యాకేజీ కంపెనీ: 58,000 ఇస్తే ఎడిటింగ్, కవర్, ఐఎస్‌బీఎన్ (పుస్తకాన్ని గుర్తించే అంతర్జాతీయ నంబరు), ఆన్‌లైన్‌లో అమ్మకం, 100 కాపీలు, ఆపైన '70 శాతం రాయల్టీ'. రెండు, చిక్కడపల్లి వైపు ఒక ప్రెస్: 192 పేజీల పుస్తకం డిజిటల్‌లో (కొద్ది కాపీలైనా వేసుకోగల పద్ధతి) 100 కాపీలకు 13,500, ఆఫ్‌సెట్‌లో (ప్లేట్లతో ఒకేసారి ఎక్కువ వేసే పద్ధతి) 500 కాపీలకు 36,000. డీటీపీ (కంప్యూటర్‌లో పేజీలు కట్టే పని), కవర్ డిజైన్, ప్రూఫ్ రీడింగ్ బయట చేయించుకోవడానికి ఇంకో 14,000. మూడు, ఒక చిన్న ప్రచురణ సంస్థ: పైసా అడగదు, అమ్మకం ధరలో 10 శాతం రాయల్టీ ఇస్తుంది, కానీ 16 నెలలు ఆగాలి, మూడు కథలు తీసేయాలి.

వీటికి తోడు రెండు చిక్కులు. ప్యాకేజీ వాళ్లు నమూనాగా ఎడిట్ చేసి పంపిన పది పేజీల్లో ఆవిడ యాసంతా మాయమైంది. 'పొద్దుగూకినంక' అన్నది 'సాయంత్రం అయిన తరువాత' అయి కూర్చుంది. రెండో చిక్కు ఇంట్లోది. ఇంకా ఎక్కడా అచ్చుకాని ఒక కథలో, అక్క తన బంగారం తాకట్టు పెట్టి తమ్ముడిని చదివిస్తుంది. కాపురం చెడి ఆమె కుట్టుమిషన్‌తో పుట్టింటికి వస్తే, ఆ తమ్ముడు ఆమె ఉండే గదిని అద్దెకిస్తాడు. ఇది తన పెద్ద ఆడబిడ్డ జీవితానికి దగ్గరగా ఉందని రచయిత్రే ఒప్పుకున్నారు. ఆ కథ చదివిన భర్త, "ఇది తీసెయ్. ఇంట్ల అగ్గి పెట్టకు. అయినా పుస్తకాలు ఎవరు కొంటున్నరిప్పుడు? పాప ఫీజుకు పెట్టుకుందాం ఆ పైసలు" అన్నారట. "ఈ మూడింట్లో ఏది మంచిదో చెప్పండి. ఆ కథ ఉంచాలో తీయాలో కూడా చెప్పండి" అని ఉత్తరం ముగించారు.

జవాబు:

మీరు రెండు ప్రశ్నలు అడిగారు. ఉత్తరంలో మాత్రం నాలుగున్నాయి: డబ్బు, హక్కులు, భాష, ఇల్లు. నాలుగూ ఒకే ముడిలో పడి ఒకదాని భయం ఇంకోదానికి అంటుకుంది. ఆ కథ గురించిన గొడవ చీటీ డబ్బు మీదికి పోతోంది, డబ్బు భయం డిసెంబరు మీదికి పోతోంది. విడదీసి చూద్దాం.

ముందు ప్యాకేజీ ఒప్పందం. మీరు జత చేసిన కాగితంలో 70 శాతం అన్న మాట పెద్దక్షరాల్లో ఉంది. అది అమ్మకం ధరలో 70 కాదు, 'నికర లాభం'లో 70. వాళ్లు వేసిన లెక్కే తీసుకోండి. పుస్తకం ధర 260. ఆన్‌లైన్ దుకాణం కమీషన్ 35 శాతం, అంటే 91. ముద్రణ ఖర్చు 150 అని వాళ్లే రాసుకున్నారు. మిగిలింది 19 రూపాయలు. అందులో 70 శాతం 13 రూపాయల 30 పైసలు. అంటే ధరలో 5 శాతం. చిన్న ప్రచురణ సంస్థ చెప్పిన 10 శాతం, పుస్తకం ధర 180 పెట్టినా 18 రూపాయలు. పైకి 70 ఎక్కువ, చేతికి 10 ఎక్కువ.

ఇంకో అడుగు వేద్దాం. వాళ్లిచ్చే 100 కాపీలూ మీరే పూర్తి ధరకు అమ్మేశారనుకోండి, 26,000 వస్తాయి. మిగతా 32,000 రాయల్టీ రూపంలో వెనక్కి రావాలంటే 2,406 కాపీలు అమ్ముడుపోవాలి. తొలి కథల సంపుటికి ఈ అంకె ఆశకు కూడా అందేది కాదు. అయినా కొందరు ఈ దారినే పోతారు, అన్నీ ఒకచోట అయిపోతాయి కదా అని. ఆ సుఖానికి 58,000 ఇవ్వగలిగిన వాళ్లుంటే ఇవ్వొచ్చు, తప్పులేదు. తిరిగి వస్తాయనుకుని మాత్రం ఇవ్వకూడదు.

బిల్లులో 'ఐఎస్‌బీఎన్ నమోదు 3,000' అన్న పద్దు చూశారా? మన దేశంలో ఐఎస్‌బీఎన్ ఉచితం. కేంద్ర విద్యాశాఖ కింద ఉండే రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ ఇస్తుంది. రచయితే స్వయంగా ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకోవచ్చు. కంపెనీ తన ఖాతాలోని నంబరు ఇస్తే రికార్డుల్లో ప్రచురణకర్త ఆ కంపెనీయే. రేపు మీరు బయటికొచ్చి మీ పేరుతో వేసుకుంటే కొత్త నంబరు తీసుకోవాలి. అచ్చు పుస్తకానికి ఒక నంబరు, ఈ-బుక్‌కు వేరే నంబరు అని కూడా గుర్తుంచుకోండి. నంబరు వచ్చేసరికి రోజులు పడతాయి కాబట్టి కవర్ ఖాయం చేసే ముందే దరఖాస్తు పెట్టండి. లేకపోతే వెనక అట్ట మీద బార్‌కోడ్ కోసం వదిలిన తెల్ల డబ్బా అలాగే అచ్చయిపోతుంది.

అసలు ఆగాల్సింది హక్కుల పేరా దగ్గర. 'కాపీరైట్ అమల్లో ఉన్నంత కాలం, అన్ని భాషల్లో, అన్ని మాధ్యమాల్లో' అని ఉంది. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రచన మీద హక్కు రచయిత బతికున్నంత కాలం, ఆ తర్వాత ఇంకో 60 ఏళ్లు. మీ పాప మనవలు పెద్దయ్యేదాకా అనుకోండి. ఇందులో ఒక తమాషా ఉంది. హక్కు రాసిచ్చే కాగితంలో ఎంతకాలమో రాయకపోతే చట్టం దాన్ని 5 ఏళ్లనే లెక్కిస్తుంది. ఎక్కడికో రాయకపోతే భారతదేశం వరకే. పుచ్చుకున్నవాళ్లు ఏడాదిలోపు ఆ హక్కును వాడకపోతే, ఒప్పందంలో వేరేగా లేనంతవరకు, అది రద్దయినట్టే. ఏమీ రాయకపోతే మీకు దక్కే ఈ రక్షణల్లో మొదటిదాన్ని, ఆ 5 ఏళ్ల గడువును, ఆ ఒక్క వాక్యం తుడిచేసింది. ఆడియో పుస్తకమైనా, వెబ్ సిరీస్ అయినా, హిందీ అనువాదమైనా మీరు వాళ్లను అడిగి చేసుకోవాలి. ఆ కథలు మీవి కదా.

ఆ దారి వద్దనుకోలేకపోతే వాళ్లకిలా రాయండి: 'అచ్చు, ఈ-బుక్ హక్కులు మాత్రమే, తెలుగులో మాత్రమే, 3 ఏళ్లకు. 60 రోజుల ముందు నోటీసుతో ఎవరైనా తప్పుకోవచ్చు. డీటీపీ ఓపెన్ ఫైల్ (మళ్లీ మార్పులు చేసుకోగల అసలు ఫైల్), కవర్ ఫైల్ నాకివ్వాలి.' ఒప్పుకుంటే ధర గురించి మాట్లాడొచ్చు. 'ఇది స్టాండర్డ్ అగ్రిమెంట్ మేడమ్, అందరూ సంతకం పెట్టిందే' అని జవాబొస్తే మీ పని తేలికైపోయినట్టే.

ఇక ప్రెస్ లెక్క. మీ వారు అడిగిన 'ఎవరు కొంటున్నారు' అన్న ప్రశ్నను వెటకారంగా తీసుకోకండి. 100 వేయాలా 500 వేయాలా అన్నది తేల్చేది ఆ ప్రశ్నే.

ఆఫ్‌సెట్ 500 కాపీలకు అచ్చు 36,000, ముందు ఖర్చులు 14,000, మొత్తం 50,000. కాపీకి వంద పడింది. డిజిటల్ 100 కాపీలకు 13,500, అవే 14,000 కలిపితే 27,500. కాపీకి 275. వినగానే ఎవరైనా 500కే మొగ్గుతారు. మోసపోయేది సరిగ్గా అక్కడే. కాపీ ఖరీదు తగ్గాలంటే ఆ కాపీ అమ్ముడుపోవాలి. మంచం కింద ఉన్న కాపీకి ఖరీదు వంద కాదు, దాని మీద పెట్టిందంతా పోయినట్టే.

ధర 180 పెట్టారనుకుందాం. 100 కాపీలు మీరే నేరుగా అమ్మితే 18,000 వస్తాయి, 9,500 నష్టం. ఇది ఖాయం, ముందే ఒప్పుకోవాల్సింది. కానీ అంతకు మించి పోయేదేమీ లేదు. రెండోసారి ఇంకో వంద వేసుకుంటే డీటీపీ, కవర్ ఖర్చు ఉండదు కనుక 13,500 పెడితే 18,000 వస్తాయి, 4,500 మిగులు. మూడో వంద కూడా పోతే మొత్తం మీద 500 రూపాయల నష్టంతో దాదాపు సమానం. అదే 500 ఒకేసారి వేసి, వంద మాత్రమే పోతే 32,000 ఇరుక్కుపోతాయి, 400 కాపీలు ఇంట్లో ఉంటాయి. 500 కాపీలంటే సుమారు 112 కిలోలు. అపార్ట్‌మెంట్‌లో ఆ కట్టలు ఎక్కడ పెడతారో ముందే చూసుకోండి. మెట్ల కింద, వాష్ ఏరియాలో మాత్రం పెట్టకండి, వానాకాలానికి అట్టలు వంకర తిరుగుతాయి.

రెండు దారులూ ఎక్కడ సమానమవుతాయంటే 266 కాపీల దగ్గర. అంతకన్నా తక్కువ పోతాయనుకుంటే డిజిటల్ చవక, ఎక్కువ పోతాయనుకుంటే ఆఫ్‌సెట్ చవక. కాబట్టి ఈ ఆదివారం ఒక నోటుబుక్కు తీసి పేర్లు రాయండి. మీ కథ చదివి మెసేజ్ పెట్టినవాళ్లు, ఆసుపత్రిలో తెలుగు చదివే సహోద్యోగులు, చదువుకున్న రోజుల స్నేహితులు, ఊళ్లో టీచర్లు. 'కొంటారు' అన్న పేరు పక్కన ఒక గీత, 'మాకో కాపీ ఇయ్యవా' అనే బంధువు పక్కన సున్నా. ముందుమాట రాసినవాళ్లకు, సమీక్షలకు, పత్రికలకు ఇచ్చే 25, 30 కాపీలు కూడా వేసే సంఖ్యలో కలుపుకోండి, కానీ వాటికి డబ్బు రాదని గుర్తుంచుకోండి. గీతలు 80 దాటకపోతే 500 మాట మరిచిపోండి. 200 దాటితే ఆఫ్‌సెట్ గురించి ఆలోచించవచ్చు.

దుకాణాల ద్వారా అమ్మితే లెక్క మారుతుంది. పంపిణీదారు, పుస్తకాల షాపు కలిపి ధరలో 35 నుంచి 50 శాతం దాకా తీసుకుంటారు. 40 అనుకుంటే 180 రూపాయల పుస్తకానికి మీకొచ్చేది 108. డిజిటల్ కాపీ అచ్చుకే 135 పడింది, అంటే షాపులో అమ్ముడైన ప్రతి కాపీకీ మీరు 27 రూపాయలు ఎదురు పెట్టుకున్నట్టే. కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి అని ఊరికే అనలేదు. అలాగని షాపులను వదలొద్దు. కాచిగూడ నవోదయ లాంటి చోట పది కాపీలుంటే మిమ్మల్ని ఎరగని పాఠకుడి చేతికి పుస్తకం అందుతుంది, అది వేరే లాభం. అమ్మాక డబ్బిచ్చే పద్ధతి కాబట్టి ఇచ్చిన కాపీల సంఖ్యకు, తేదీకి చలానా రాయించుకుని, మూడు నెలలకోసారి అడగండి. అడగకపోతే రాదు. మొహమాటం అనేది రచయిత ఖర్చుల్లో లెక్కకు రాని పెద్ద పద్దు.

నేరుగా పంపడానికి తపాలా శాఖ 2025 మే నుంచి నడుపుతున్న జ్ఞాన్ పోస్ట్ అనే పుస్తకాల సేవ ఉంది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, పైన పన్ను. ఇక్కడ కాగితం ఎంపికకూ పోస్టు ఖర్చుకూ లంకె ఉంది. డెమ్మీ 1/8 సైజులో (మామూలు కథల పుస్తకం సైజు) 192 పేజీలు 70 జీఎస్‌ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) కాగితం మీద వేస్తే పుస్తకం 225 గ్రాముల దగ్గర తూగుతుంది, 80 జీఎస్‌ఎం అయితే 250. కవరు, అట్టముక్క కలిపినా 300 దాటదు. 'బరువుగా ఉంటే బాగుంటుంది' అని 100 జీఎస్‌ఎం వేయిస్తే పై శ్లాబులోకి పోతారు. ఇంకోటి, ప్రింటరు లేదా ప్రచురణకర్త పేరు పుస్తకంలో అచ్చయి ఉంటేనే ఆ రేటు వర్తిస్తుంది. హక్కుల పేజీలో ప్రెస్ పేరు వేయడం మరిచిపోయిన పుస్తకాలు చాలానే కనిపిస్తాయి.

మీరే ప్రచురణకర్త అయితే చట్టం ప్రకారం ఒక పని కూడా ఉంది. 1954 నాటి గ్రంథాల అప్పగింత చట్టం కింద, పుస్తకం వెలువడిన 30 రోజుల్లోపు కోల్‌కతా నేషనల్ లైబ్రరీకి, చెన్నై కన్నెమరా లైబ్రరీకి, ముంబయి, ఢిల్లీ లైబ్రరీలకు ఒక్కో కాపీ మీ ఖర్చుతో పంపాలి. నాలుగు కాపీలు. దీన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. కానీ ఎక్కడో ఒక అరలో మీ పుస్తకం భద్రంగా ఉంటుంది కదా. అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీకి, సుల్తాన్ బజార్ శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయానికి కూడా ఒక్కొక్కటి ఇవ్వండి, అది చట్టం కోసం కాదు.

మూడో దారి, చిన్న ప్రచురణ సంస్థ. మీ ఉత్తరంలో దీని గురించి నాలుగే వాక్యాలున్నాయి. రెండు వాక్యాల్లో కోపం ఉంది. 'మూడు కథలు తీసేయమనడానికి వాళ్లెవరు' అన్నారు. ఒక మాట చెప్పనా? మిగతా ఇద్దరూ మీ కథలన్నీ చదవకుండానే వేస్తామన్నారు. వీళ్లు చదివారు. ఏ మూడు, ఎందుకు అని అడగండి. 'పల్చగా ఉన్నాయి', 'ఒకే ముగింపు రెండు కథల్లో వచ్చింది' లాంటి జవాబు వస్తే విని ఆలోచించండి. 'ఇవి ఇప్పుడు ట్రెండ్ కాదు' అంటే వినక్కర్లేదు. తీసేసిన కథలు ఎక్కడికీ పోవు, పత్రికలకు పంపుకోవచ్చు. కాకపోతే వాటిని ఈలోపు ఏ యాప్‌లోనో, ఫేస్‌బుక్‌లోనో పెట్టకండి. అక్కడ పెడితే ప్రచురితమైనట్టే లెక్క, పోటీలూ చాలా పత్రికలూ తీసుకోవు.

వీళ్లతో వెళ్తే మీ జేబులోంచి పోయేది సున్నా, వచ్చేదీ తక్కువే. 500 కాపీలు పూర్తిగా పోతే 9,000. పోయేది 16 నెలలు. కాగితం మీద అడగాల్సినవి: అచ్చు హక్కు మాత్రమే, 3 ఏళ్లకు, ఎన్ని కాపీలు వేశారో రాతపూర్వకంగా, రచయితకు 20, 25 ఉచిత కాపీలు, ఆపైన కావాలంటే 40 శాతం తగ్గింపు, 18 నెలల్లో వేయకపోతే ఒప్పందం రద్దు. ఈ చివరిది ముఖ్యం. లేకపోతే 16 నెలలు 30 నెలలైనా అడిగే హక్కుండదు.

మూడు దారుల్లో నా మొగ్గు రెండో దారిలోని డిజిటల్ వందవైపో, మూడో దారివైపో ఉంది. ఆ రెంటి మధ్య తేల్చేది మీ ఓపిక. మీ చేతిలో పుస్తకం ఇప్పుడే ఉండాలనిపిస్తే వంద. మీ పుస్తకం గురించి ఇంకొకరు కూడా తిరగాలనిపిస్తే మూడోది.

ఇక యాస. ప్యాకేజీ ఎడిటర్ చేసింది ఎడిటింగ్ కాదు, వేరే ఊరి చీర కట్టబెట్టడం. అయితే మీ పది పేజీల అసలు ప్రతి కూడా చూస్తే, ఆయనకు ఆ చనువు ఎక్కడ దొరికిందో అర్థమైంది. ఒకే కథలో 'పోయిండు', 'వోయిండు', 'బోయిండు' మూడూ ఉన్నాయి, ఒకే పాత్ర నోట. 'జెర' ఒకచోట, 'జర' ఇంకోచోట. మాట్లాడేటప్పుడు ముందు మాటను బట్టి పలుకు మారడం సహజమే. అచ్చులో మాత్రం పాఠకుడికి అది తప్పులా కనిపిస్తుంది. యాసలో రాసేవాళ్లు ఎడిటర్‌కు ఇవ్వాల్సిన మొదటి కాగితం మాటల పట్టిక. రెండు మూడు రూపాల్లో వచ్చిన మాటలన్నీ రాసి, పక్కన ఏది ఉంచాలో గుర్తు పెట్టండి. ముసలమ్మ పాత్ర 'వోయిండు' అంటే ఆమె ఎప్పుడూ అదే అనాలి, చదువుకున్న మనవడు 'పోయిండు' అంటే అతనికి అదే. కథనం ఏ భాషలో, సంభాషణ ఏ భాషలో అన్నది కూడా తేల్చుకోండి. మీ కథల్లో కొన్నిచోట్ల కథకురాలు పేరా మధ్యలో పత్రిక భాషలోకి జారిపోతోంది, బహుశా అలసిన రాత్రుళ్లలో. ఈ పట్టికతో ఇస్తే ఏ ఎడిటరూ 'పొద్దుగూకినంక'ను ముట్టుకోరు. ముట్టుకుంటే ఎడిటర్‌ను మార్చండి. రచన రూపాన్ని చెడగొట్టి పరువు తీస్తే అడ్డుకునే హక్కు కాపీరైట్ అమ్ముకున్నాక కూడా రచయితకు చట్టంలో ఉంది. కోర్టుల దాకా వెళ్లేకన్నా పట్టిక తేలిక.

ఫోన్‌లో టైప్ చేశారు కనుక మీది యూనికోడ్, అంటే ఏ ఫోన్‌లోనైనా, కంప్యూటర్‌లోనైనా చదవగలిగే అక్షరాలు. మన డీటీపీ వాళ్లలో చాలామంది ఇంకా 'అను' అనే పాత పద్ధతి ఫాంట్లలో చేస్తారు. యూనికోడ్ నుంచి అటు మార్చేటప్పుడు వత్తులు ఎగిరిపోతాయి, 'ఆసుపత్రి' లాంటి మామూలు మాటకే ఎసరొస్తుంది. 'సాఫ్ట్‌వేర్', 'సెక్షన్‌లో' లాంటి మాటల్లో పొల్లు తర్వాత కనిపించని విరామ గుర్తు ఒకటుంటుంది, అది పోతే అక్షరాలు అతుక్కుని 'సెక్షన్లో' అయిపోతుంది. నేరుగా యూనికోడ్‌లో, ఇన్‌డిజైన్ అనే పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్ మీద చేసేవారిని వెతకండి. అందులోనూ భారతీయ భాషలకు పనికొచ్చే కంపోజర్ అనే సెట్టింగ్ ఎంచుకోకపోతే వత్తు అక్షరం కిందకు పోకుండా పక్కన నిలబడుతుంది. మొత్తం పుస్తకం పెట్టకముందే రెండు పేజీలు నమూనా తీయించి, వత్తులు ఎక్కువున్న ఒక పేరా ఇచ్చి చూడండి. పని అయ్యాక ఓపెన్ ఫైల్ మీ పెన్‌డ్రైవ్‌లోకి రావాలి, పీడీఎఫ్ ఒక్కటే చాలదు.

ప్రూఫు మూడుసార్లు. మొదటిది కాగితం మీద, గొంతెత్తి చదువుతూ. రెండోది మీరు కాకుండా ఇంకొకరు, మీ కథలు ముందు చదవనివారు. మూడోది పేజీలు కట్టాక, అక్షరాలు కాదు, పేజీ మొదళ్లు, చివరలు, కథల పేర్లు, విషయసూచికలో నంబర్లు. మూడోసారి వాక్యాలు మార్చాలని చేయి దురద పెడుతుంది. మార్చకండి. ఒక్క లైను పెరిగితే వెనకాల పేజీలన్నీ జరుగుతాయి.

బైండింగ్ గురించి ఒక్కటే: జిగురు బైండింగ్ అయితే నమూనా కాపీని మధ్యలో పూర్తిగా విప్పి, వెన్ను విరిచి చూడండి. పేజీ ఊడితే మిగతా 99 కూడా ఊడతాయి. వెన్ను మందం కాగితాన్ని బట్టి 9, 10 మిల్లీమీటర్లు వస్తుంది. తెల్ల కాగితాలతో డమ్మీ కట్టించి కొలిచాకే కవర్ ఖాయం చేయించండి, లేకపోతే వెన్ను మీద పేరు ముందు అట్ట మీదికి పాకుతుంది.

డిసెంబరుకు అందుతుందా? ఇది ఆగస్టు. పట్టికకు, ఎడిటింగ్‌కు ఐదు వారాలు, డీటీపీ రెండు, ప్రూఫులు మూడు, డిజిటల్ అచ్చు ఒక వారం. పండగలు తీసేసినా నవంబరు మధ్యకు అందుతుంది. అది దాటితే ప్రెస్‌లన్నీ డైరీలు, క్యాలెండర్లతో నిండిపోతాయి. ఆవిష్కరణ సభ అంటే హాలు, ఫ్లెక్సీ, శాలువాలు, జ్ఞాపికలు, టిఫిన్లు. ఐదుగురు వక్తలకు కప్పే శాలువాల డబ్బుతో మీకు ఇంకొన్ని పుస్తకాలు వస్తాయి. చేయాలనిపిస్తే చేయండి, కానీ ఆ ఖర్చు 27,500లో లేదు.

చివరికి ఇంటి సంగతి. మీ ఉత్తరం రెండోసారి చదివితే ఒకటి కనిపించింది. మీ పెద్ద ఆడబిడ్డ అభ్యంతరం చెప్పారని ఎక్కడా లేదు. ఆమె ఆ కథ చదవనే లేదు. చదివింది మీ వారు. కథలో అక్క బంగారంతో చదువుకున్నదీ, గది అద్దెకిచ్చిందీ తమ్ముడు. మీరు అక్క కోసం రాశారు, ఆయన తమ్ముడి గురించి చదివారు. 'ఇంట్ల అగ్గి' అన్నది ఆడబిడ్డ గురించిన భయం కాకపోవచ్చు. ఆయనను నిలదీయమనడం లేదు. 'ఈ కథల నీకు ఏది కష్టమనిపించింది?' అని అడిగి, జవాబొచ్చేదాకా ఊరుకోండి.

కథకు నాలుగు దారులున్నాయి. ఉన్నది ఉన్నట్టు వేయడం మొదటిది. కథ బాగుంటుంది, ఇంట్లో ఏమవుతుందో మీకే తెలుసు. 'పాత్రలన్నీ కల్పితం' అని ముందు పేజీలో వేస్తే సరిపోతుందనుకోకండి. చదివినవాళ్లు మనిషిని గుర్తుపడితే ఆ వాక్యం బంధుత్వంలోనూ అడ్డుపడదు, పరువునష్టం దావాలోనూ పూర్తి రక్ష కాదు. కలం పేరు కూడా అంతే, మీ ఇంట్లోవాళ్ల దగ్గర అది ఏం దాస్తుంది?

రెండోది మార్చడం. చాలామంది పేరు మార్చి, ఊరు మార్చి అయిపోయిందనుకుంటారు. మనిషిని పట్టించేది పేరు కాదు, రెండు మూడు వివరాల కలయిక. బంగారం, కుట్టుమిషన్, అద్దెకిచ్చిన గది, ఈ మూడూ ఒకచోట ఉంటే మీ వీధిలో ఎవరైనా చెప్పేస్తారు. ఒకటి ఉంచి రెండు మార్చండి. కథకు ప్రాణం గదిలో ఉందని నాకనిపించింది, బంగారంలో కాదు. తమ్ముడిని అన్నను చేసినా, చదువును పెళ్లి ఖర్చు చేసినా కథ నిలుస్తుంది.

మూడోది ఆమెకే చూపించడం. ఫోన్‌లో కాదు, కాగితం మీద, పండగ రోజు ఇంటినిండా జనం ఉన్నప్పుడు కాదు. మీ వారి ద్వారా కాదు, మీరే. 'వదినా, ఈ కథల నీ ముచ్చటొకటి వచ్చింది. సదివి చెప్పు. నువ్వొద్దంటే ఎయ్య' అని ఇచ్చి రెండు వారాలు టైమివ్వండి. అలా అన్నాక ఆమె వద్దంటే నిజంగా వేయకూడదు, అందుకు సిద్ధపడే అడగండి. ఆమె వేయమంటే మీ వారి అభ్యంతరం సగం తగ్గొచ్చు, పెరగనూ వచ్చు. ఆమె ఏమీ అనకుండా కాగితాలు తిరిగిస్తే దాన్ని ఒప్పుకోలు అనుకోకండి.

నాలుగోది తీసేయడం. 13 కథలతోనూ సంపుటి సంపుటే. కోపంతో తీసేస్తే మాత్రం ఆ లోటు మీకు ప్రతి పేజీలో కనిపిస్తుంది.

డబ్బు మాట మీ వారితో వేరే రోజు మాట్లాడండి, కథ మాట ఎత్తకుండా. 'తిరిగొస్తాయి' అనకండి. '27,500 పెడుతున్న, 18,000 దాకా రావొచ్చు, 9,500 పోతాయి, మిగిలిన 32,500 పాప ఫీజుకు' అని కాగితం మీద చూపించండి. అకౌంట్స్ చూసేవారు మీరు, ఈ పని మీకు కొత్త కాదు.

ఇవన్నీ తేలడానికి సమయం పడుతుంది, డీటీపీ ఆగదు. ఒక ఉపాయం ఉంది. ఆ కథను పుస్తకంలో చివరి కథగా పెట్టండి. డెమ్మీ 1/8లో 16 పేజీలు ఒక ఫారం (కలిపి అచ్చు వేసి మడిచే కట్ట), మీ 192 పేజీలు సరిగ్గా 12 ఫారాలు. ఆ కథ 16 పేజీలలోపే వస్తుంది కాబట్టి, దాన్ని సరిగ్గా 177వ పేజీలో మొదలయ్యేలా కట్టమని డీటీపీ చేసేవారికి ముందే చెప్పండి. వద్దనుకున్న రోజు చివరి ఫారం తీసేస్తే 176 పేజీల పుస్తకం మిగులుతుంది, ముందున్న ఏ పేజీ కదలదు. విషయసూచిక నుంచి ఒక లైను పోతుంది, వెన్ను ఒక మిల్లీమీటరు దాకా తగ్గుతుంది. అందుకని విషయసూచిక పేజీని, కవర్ ఫైలును మాత్రం మీ వదిన జవాబు వచ్చాకే ప్రెస్‌కు పంపండి.